స్టార్ట్ కాని కారులో వాడరేవుకి

శుక్రవారం సాయంత్రం మా వరలక్ష్మక్క ఫోన్ చేసింది. "బండి స్టార్టయిందే పద్మా! రేపు పొద్దున్నే బయల్దేరి రా. ఎల్లుండి వాడరేవు పోదాం. నేనే తోలతా" అంది. అక్కకి యాభై ఆరేళ్ళు. గొంతు మాత్రం పదో తరగతి పాసైన పిల్ల గొంతులా ఉంది. నేను మారు మాట్లాడకుండా సంచి సర్దుకున్నాను.

ప్రయాణం సంగతి చెప్పేముందు ఆ కారు సంగతి చెప్పాలి. మా బావగారు సుబ్బారావుగారు పర్చూరు దగ్గర పల్లెలో మిరప, పత్తి పండించే రైతు. ఆయన దగ్గర ఓ పాత తెల్ల పెట్రోలు కారుంది. దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేవారు కాదు. తుడిచేది ఆయనే, తోలేది ఆయనే, దాని మీద కాకి వాలితే తిట్టేదీ ఆయనే. కిందటి వేసవిలో ఆయనకి ఎడమకంటి చూపు తగ్గింది. ఆపరేషన్ చేశాక డాక్టరు ఇక స్టీరింగు పట్టుకోవద్దన్నాడు. కారు షెడ్డులో నిలబడిపోయింది.

అప్పుడు మా అక్క ఓ పని చేసింది. కూరగాయలకని చెప్పి రోజూ పర్చూరు వెళ్ళి, అక్కడ డ్రైవింగు స్కూల్లో చేరి, లైసెన్సు తెచ్చుకుంది. ఇంట్లో కూరగాయలు కుళ్ళిపోతున్నా బావగారికి అనుమానం రాలేదు. లైసెన్సు కార్డు చేతికిచ్చాక ఆయన దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, చివరికి తేల్చారట. "బండి బాగు చేయిస్తా. ఈ ఆదివారం లోపల స్టార్టయితే నువ్వు తోలుకో. కాకపోతే ఇంకొల్లు నుంచి మా తమ్ముడు ట్రాక్టరు తెచ్చి కట్టుకుపోతాడు. కదలని బండిని రోజూ చూస్తూ కూచోటం నావల్ల కాదు" అన్నారట.

చీరాల పక్కనున్న ఈ వాడరేవు బీచి మీద అక్క పిచ్చి ఈనాటిది కాదు. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ సముద్రం అంత దగ్గర్లో ఉన్నా, తనివితీరా కూర్చున్నది లేదు. "మీ బావకి సముద్రం చూడటానికి పది నిమిషాలు చాలే. చూశావుగా, ఇక ఎక్కు అంటారు. తోలేవాళ్ళు లేచాక కూర్చునేవాళ్ళు ఏం చేస్తారు?" అని నాతో ఎన్నోసార్లు చెప్పుకుంది. అందుకే ఈ ఆదివారం ఆమెకి అంత ముఖ్యం.

శనివారం పొద్దున తాడేపల్లిలో మా ఇంటి నుంచి ఆటోలో కృష్ణా కెనాల్ స్టేషనుకి చేరి, చీరాల టికెట్టు తీసుకుని ప్యాసింజరు ఎక్కాను. ఈ బండిలో కిటికీ సీటు కావాలంటే కాస్త ముందు వెళ్ళాలి. తెనాలి దాకా నిలబడే వెళ్ళాను. అక్కడ కాలేజీ పిల్లలు దిగిపోతే చోటు దొరికింది. పొన్నూరు వెళ్ళేవాళ్ళకి ఓ మాట. కిటికీలోంచి పొన్నూరు అనే బోర్డు కోసం వెతక్కండి, స్టేషను పేరు నిడుబ్రోలు. నా ఎదుటి సీటు పెద్దాయన అలా వెతుకుతూనే దాటిపోయాడు. "ముందే చెప్పొచ్చుగదమ్మా" అని నామీద విసుక్కున్నాడు కూడా.

నా పక్కన ఖాళీ చేపల బుట్టలతో ఓ నడివయసామె కూర్చుంది. తెల్లవారుజామునే తెనాలిలో చేపలు అమ్మేసి తిరిగి వెళుతోంది. ఊరు వాడరేవే. మేమూ రేపు వస్తున్నామన్నాను.

"పడవలు పొద్దున్నే ఒడ్డుకొస్తయ్యమ్మా. ఆదివారం జనం పట్టరు. బీచి కాడికి కాదు, పడవలు కట్టేసే వైపు రండి. ఆడ కూచుంటే ఎవురూ కదిలించరు" అంది.

"మా అక్క కారు తోలుకొస్తుంది" అన్నాను గొప్పగా.

"ఇసకలోకి మాత్రం దించొద్దని చెప్పు. దిగినాక తోసేది మేమేగా!" అని నవ్వింది.

బాపట్ల దాటాక పచ్చటి వరి వెనకబడి ఇసుక నేలలు, సరుగుడు తోటలు మొదలవుతాయి. చీరాలలో దిగి బస్టాండు బయట ఇడ్లీ తిన్నాను. గుంటూరు వాళ్ళకి కారం గురించి చెప్పక్కర్లేదు గానీ, బయటి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఆ ఎర్రకారప్పొడి మీద నెయ్యి అడగడం మరిచిపోకండి. పర్చూరు వెళ్ళే పల్లెవెలుగు సిద్ధంగా ఉంది. ఆడవాళ్ళకి ఇప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్టు ఇస్తున్నారు. నా కార్డు సంచి అడుగున ఉండిపోయింది. కండక్టరు నా తువ్వాలు, సబ్బు, అక్కకి తీసుకెళుతున్న పూతరేకులు అన్నీ బయటికొచ్చేదాకా ఓపిగ్గా నిలబడ్డాడు.

బస్సు ఊరు దాటుతుండగానే అక్క ఫోన్.

"స్టార్ట్ కావట్లేదే" అంది. నిన్నటి గొంతు లేదు.

"నిన్న అయిందన్నావు కదా?"

"నిన్న అయింది. ఇవాళ కావట్లేదు. నువ్వు రా ముందు." అంతే, పెట్టేసింది.

ఇసుక పోయి నల్లరేగడి వచ్చింది. రెండు వైపులా పత్తి చేలు ఆఖరి తీతల్లో ఉన్నాయి. అక్కడక్కడా కల్లాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. మామూలుగా ఆ ఎరుపు చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. ఇవాళ మాత్రం అక్క గొంతే చెవిలో ఉండి దేనిమీదా మనసు నిలవలేదు. జిల్లాలు విడగొట్టాక పర్చూరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది గానీ, బస్సులో ఏ ముసలాయన్ని అడిగినా తనది ప్రకాశం జిల్లా అనే చెబుతాడు. పర్చూరులో దిగి, మిరప కోతకి కూలీలను దింపి తిరిగొస్తున్న ఆటో ఎక్కాను. ఆ ఘాటుకి అక్క ఊరు చేరేదాకా తుమ్ముతూనే ఉన్నాను.

వాకిట్లోకి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. షెడ్డు ముందు కారు. బానెట్ నోరు తెరుచుకుని ఉంది. దానిలో నడుం దాకా దూరి మెకానిక్కు మస్తాన్. పర్చూరులో షెడ్డున్న మస్తాన్‌కి ముప్ఫై అయిదేళ్ళుంటాయి, బావగారిని బాబాయ్ అంటాడు. వారం నుంచి రోజూ సాయంత్రాలు వచ్చి ఈ కారు బాగుచేస్తున్నాడు. బావగారు అరుగు మీద కుర్చీలో కూర్చుని అక్కణ్ణుంచే సలహాలు ఇస్తున్నారు. అక్క తులసికోట దగ్గర నిలబడి ఉంది. కారుకి పసుపు రాసి, బానెట్ మీద కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఉన్నాయి. ఆ నిమ్మకాయలు ఒక్కటీ నలగలేదు.

"రా మరదలా. మీ అక్క కారుకి తలంటు పోసింది, దానికి జలుబు చేసింది" అన్నారు బావగారు.

సంగతేమిటంటే, మస్తాన్ పెట్రోలు పంపు మార్చాడు, ఎలకలు కొరికిన వైర్లు మార్చాడు, ప్లగ్గులు కొత్తవి వేశాడు. నిన్న సాయంత్రం తాళం తిప్పితే ఇంజను చక్కగా తిరిగింది. ఇవాళ పొద్దున వచ్చి మిగతావన్నీ బిగించి వెళ్ళాడు. ఆ తరవాత అక్క ముచ్చటపడి కారు కడిగి, పూజ చేసి, దేవుణ్ణి తలుచుకుని తాళం తిప్పింది. ఇంజను రెండు సార్లు దగ్గి ఆగిపోయింది. మధ్యలో జరిగిందల్లా నీళ్ళు పొయ్యడమే కాబట్టి తప్పు నీళ్ళదని, అంటే అక్కదని తేలిపోయింది.

"నేను బానెట్ ఎత్తనే లేదే. పైపైనే కడిగాను" అంది అక్క నాతో, మెల్లగా.

"సందుల్లోంచి పోతాయి" అన్నారు బావగారు అరుగు మీంచి.

భోజనంలో గోంగూర, వంకాయ కూర, పెరుగు. మస్తాన్ కూడా మాతోనే తిన్నాడు. తిన్నాక అతను ప్లగ్గులు విప్పి ఎండలో పెట్టాడు, వైర్ల మొనలు తుడిచాడు. మళ్ళీ బిగించి సెల్ఫ్ కొట్టాడు. దగ్గు, నిశ్శబ్దం. బ్యాటరీ బాగానే ఉంది. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ నీలంగా పడుతోంది. "అన్నీ ఉన్నయ్ బాబాయ్, ఎందుకు అంటుకోదో అర్థం కావట్లా" అన్నాడు తల గోక్కుంటూ.

సాయంత్రం పత్తి తీతకి వెళ్ళొస్తున్న ఆడవాళ్ళు ఆగారు. వాళ్ళలో పెద్దావిడ మరియమ్మ, అక్కతో చనువున్న మనిషి. "ఏందక్కా, మొరాయించిందా? ఎక్కండి, మేం తోస్తాం" అని పైటలు బిగించి పది మంది కారు వెనక చేరారు. అక్క నిమ్మకాయలు ఏరి పక్కన పెట్టాక కారు రోడ్డెక్కింది. స్టీరింగు దగ్గర అక్క, పక్కన మస్తాన్. "తొయ్యండమ్మా తొయ్యండి!" అని మరియమ్మ అరుపు. కారు ఊరి చివర చర్చి దాకా వెళ్ళింది, ఊపిరాడనట్టు రెండు సార్లు ఎగిరి ఆగింది. మళ్ళీ అక్కణ్ణుంచి వెనక్కి తోసుకొచ్చారు. పోతూ పోతూ మరియమ్మ, "మా ఇంటాయన కూడా ఇంతే అక్కా. ఎంత తోసినా పనికి కదలడు" అంది. అందరూ నవ్వారు. అక్క నవ్వలేదు.

కారు షెడ్డు ముందుకి చేరాక బావగారు, "పొద్దున నీళ్ళు పొయ్యకుండా ఉంటే ఈపాటికి తిరిగేది" అన్నారు. కోపంగా అనలేదు, ఊరికే అన్నారు. అదే అక్కకి గుచ్చుకుంది. వెళ్ళి, కొంగుతో బానెట్ మీద కుంకుమ బొట్టు తుడిచేసింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని ఓ మాట అనేద్దామని నోటిదాకా వచ్చింది కూడా. అప్పటికే ఆయన ఫోన్ తీసి తమ్ముడి నంబరు వెతకమని నాకిచ్చారు. "రేపు పొద్దున్నే ట్రాక్టరు తీసుకు రమ్మని చెప్పాలి" అన్నారు.

నేను ఆ పేరు కావాలనే మెల్లగా వెతుకుతున్నాను. అప్పుడు మస్తాన్, "ఒక్కసారి, ఆఖరు సారి" అని ఇంజను మీదుండే ఎయిర్ ఫిల్టర్ డబ్బా మూత విప్పాడు. గాలిని వడగట్టి ఇంజనుకి పంపే డబ్బా అది. లోపల తడి ఉందేమోనని చూద్దామనుకున్నాడు. మూత పక్కన పెట్టి తాళం తిప్పాడు.

ఇంజను ఒక్కసారిగా గర్జించింది. కుర్చీలోంచి బావగారు లేచి నిలబడ్డారు. అక్క నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజులు గుచ్చుకున్నాయి. పక్కింటి వాళ్ళు గోడ మీంచి చూశారు. మస్తాన్ విజయగర్వంతో మూత తెచ్చి బిగించాడు. ఇంజను దగ్గి చచ్చిపోయింది.

మూత తీశాడు. స్టార్టయింది. మూశాడు. ఆగింది. "ఫిల్టరే పాడై ఉంటది" అని కొత్త ఫిల్టర్ని తీసి అవతల పడేసి, ఖాళీ డబ్బాకే మూత పెట్టాడు. అయినా ఆగింది.

"నిన్న ఈ డబ్బా పెట్టకముందే గదా చూశా!" అన్నాడు తనలో తనే.

అక్క ముందుకు వచ్చింది. బొట్టు తుడిచేశాక ఆమె మళ్ళీ కారు దగ్గరికి రావడం అదే. "మూత తీస్తే ఊపిరాడుతోంది, మూస్తే ఆడట్లేదు. దీనికి గాలి ఎటునుంచి రావాలి మస్తాన్? ఆ దారేదో మూసుకుపోయింది" అంది.

మస్తాన్ డబ్బాకున్న గొట్టాన్ని చూపించాడు. అది ముందు లైటు వెనక సందులోకి వెళుతుంది. దాని మూతి బయటికి కనపడదు. నేనూ తల వంచి చూశాను. చేదు వాసన ముక్కుకి తగిలింది. మధ్యాహ్నం నుంచీ ఆ వాసన వస్తూనే ఉంది గానీ, పొలాల్లో మందు కొడుతున్నారు కాబోలనుకున్నాను.

"ఇక్కడ వేపనూనె వాసన వస్తోందేమిటి?" అన్నాను.

బావగారు చేతికర్ర కూడా తీసుకోకుండా అరుగు దిగి వచ్చారు. లైటు వెనక సందులో చెయ్యి పెట్టారు. చూడకుండానే ఆ వేళ్ళకి చోటు తెలుసు. లోపల తిప్పి లాగారు. పిడికెడంత ముద్ద బయటికొచ్చింది. గుడ్డలో చుట్టి, వేపనూనెలో ముంచిన దూది, నల్లగా అట్ట కట్టి ఉంది.

"కల్లంలోకి మిరపకాయలొస్తే షెడ్డులోకి ఎలకలొస్తాయి. ఆ గొట్టంలో గూడు పెడతాయి" అన్నారు, ఎవరి మొహమూ చూడకుండా. "అందుకని ఏటా కల్లం రోజుల్లో ఇది పెడతా. బండి తీసే ముందు తీసేస్తా. నేనే పెడతా, నేనే తీస్తా. కిందటేడు పెట్టాను. తరవాత తీసే పని పడలేదు."

ఎలకలు వైర్ల వైపు నుంచి వచ్చి తమ పని తాము చేసుకుపోయాయి. కారుని మాత్రం ఏడాదిగా బావగారి దూది కాపాడుతూ ఉంది.

అక్క ఆ ముద్ద వంక చూసింది. ఆయన వంక చూసింది. "చచ్చినవాళ్ళకి పెట్టినట్టు దాని ముక్కులో దూది పెట్టింది మీరు! నీళ్ళు పోశానని పొద్దుట్నుంచి నన్నంటారా?"

మస్తాన్ నవ్వు ఆపుకోలేక బానెట్ వెనక్కి వెళ్ళాడు. బావగారు నేల చూపులు చూస్తూ, "తప్పు నాదేనే లక్ష్మీ" అన్నారు. నేను ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. అక్క అంతటితో వదల్లేదు.

"ఇంకా ఏమేం చేసి ఉంచారో చెప్పండి. అన్నీ చెప్పండి. దాని అలవాట్లన్నీ మీకే తెలిస్తే నేనెలా తోలేది?"

ఆయన చెప్పడం మొదలుపెట్టారు. వెనక ఎడమ తలుపు కాస్త పైకెత్తి వెయ్యాలట. వర్షంలో బ్రేకు ముందు ఓసారి మెల్లగా తొక్కి చూసుకోవాలట. పెట్రోలు ముల్లు అబద్ధాలు చెబుతుందట, సగం చూపిస్తే పావు అనుకోవాలట. మస్తాన్ ఫిల్టరు మళ్ళీ వేసి, మూత బిగించి, ఇంజను తిప్పి చూపించి, స్కూటరెక్కి వెళ్ళిపోయాడు. వీళ్ళిద్దరూ ఇంకా కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆయన చెయ్యి పెట్టి చూపించడం, ఆమె అక్కడే తనూ చెయ్యి పెట్టి చూడటం. ఇన్నేళ్ళ కాపురంలో బావగారు కారు విషయం అక్కకి చెప్పకపోవడం దాచడం కాదని నాకప్పుడు తెలిసింది. ఆయన చేతులు వాటంతటవే చేసుకుపోయే పనులవి. లోపలికెళ్ళే ముందు అక్క మళ్ళీ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు సర్దింది.

ఆదివారం పొద్దున్నే బయల్దేరాం. నిమ్మకాయలు నాలుగూ చితికాయి. అక్క చీర కొంగు దోపుకుని స్టీరింగు ముందు కూర్చుంది. పక్కన బావగారు, వెనక నేను, పులిహోర గిన్నె. దారంతా బావగారి కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. చీరాల రోడ్డెక్కాక వెనక బస్సు హారన్ మోగిస్తే ఆయన కిటికీలోంచి తల బయటపెట్టి, "ఆగరా! కొత్తగా తోలుతోంది!" అని అరిచారు. "ఊరూరా దండోరా వెయ్యండి" అంది అక్క, చూపు రోడ్డు మీంచి తియ్యకుండా. దాటిపోతూ బస్సు డ్రైవరు ఆమెకి చెయ్యి ఊపాడు.

వాడరేవులో, రైల్లో చేపల బుట్టలామె చెప్పినట్టే పడవలు కట్టేసే వైపు వెళ్ళాం. ఇసకలోకి దించలేదు, తాటాకు పందిరి పక్కన గట్టినేల మీద ఆపింది. ఒడ్డున వలలు ఆరేసి ఉన్నాయి, ఎండుచేపల వాసన, చిల్లులు పడిన పడవ నీడలో కుక్క. అక్క ఆ పడవకి ఆనుకుని కూర్చుంది. పులిహోర తిన్నాం. కాసేపటికి బావగారు పంచె దులుపుకుని లేచి, అలవాటుగా "చూశాంగా, ఇక పదండి" అని జేబు తడుముకున్నారు.

అక్క అలల వైపు చూస్తూనే గుప్పిట తెరిచి తాళాలు చూపించింది. ఆయన మళ్ళీ కూర్చున్నారు. ఎండ నడినెత్తికొచ్చేదాకా కూర్చున్నాం. నడుమ ఆయనే, "ఆ దూరంగా కనపడేది మరపడవేనంటావా?" అని అడిగారు. కాదు, మామూలు పడవే అని అక్క వివరంగా చెప్పింది. రంగు, తెరచాప, అందులో మనుషులు ఎంతమందో అన్నీ చెప్పింది. ఆయన తలూపుతూ విన్నారు.

మధ్యాహ్నం బండికి నన్ను చీరాల స్టేషన్లో దించారు. ప్యాసింజరు ఆలస్యంగా నడుస్తోంది, ఆదివారం తిరుగు ప్రయాణానికి అది మామూలే. నేను మెట్ల మీంచి వెనక్కి చూశాను. నాకు టాటా చెప్పడానికి దిగిన బావగారు కారు దగ్గరికి నడిచి, డ్రైవరు వైపు తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేశారు. లోపల అక్క కూర్చుని ఉంది. ఆయన ఒక్క క్షణం అలాగే ఉండి, కండువాతో ఆ హ్యాండిల్ని శుభ్రంగా తుడిచి, కారు ముందు నుంచి చుట్టి అవతలి తలుపు తీసుకుని ఎక్కారు.

చీరాల చుట్టుపక్కలకి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగింది తక్కువే. రైలు సుఖం, బస్సులు దొరుకుతాయి, వాడరేవులో పడవల వైపు వెళ్ళండి, తొందరపెట్టే మనిషి వెంట ఉంటే తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. నల్లరేగడి మీద మిరప ఎరుపు, పత్తి తెలుపు చూసి చాలామంది ఫొటోలు తీసుకుంటారు. నాకు మాత్రం ఈసారి అక్కడి మనుషులే కళ్ళల్లో నిలిచిపోయారు, అందులోనూ ఇద్దరు.

నా రైలు తెనాలి దగ్గరుండగా అక్క ఫోన్ చేసింది. క్షేమంగా ఇల్లు చేరారట. కారు షెడ్డులో పెట్టిందట. కల్లంలోకి రేపటి నుంచి కాయ వస్తుంది.

"మీ బావ దూది, వేపనూనె సీసా పట్టుకొచ్చారే. గొట్టంలో పెట్టబోయి ఆగి, నా చేతికిచ్చారు. నువ్వే పెట్టు, తీసేది నువ్వేగా అన్నారు" అంది.

"పెట్టావా?"

"పెట్టాను. మళ్ళీ మరిచిపోకుండా స్టీరింగుకి ఎర్రగుడ్డ కూడా కట్టాను. ఆ ముడి గట్టిగా ఉందో లేదోనని ఆయన ఇంకా షెడ్డులోనే తడిమి చూసుకుంటున్నారు."